అటక మీది రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కించడం: 96 కిలోహెర్ట్జ్ కన్నా ముందు చూసుకోవాల్సినవి

అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు ఒకప్పుడు మైకు సెట్టు నడిపినవాళ్ళ ఇళ్ళలో ఇప్పటికీ అటక మీద రికార్డుల పెట్టె కనబడుతుంది. పెళ్ళిళ్ళకీ, తీర్థాలకీ వేసిన ఎల్పీలు, నాలుగు పాటలుండే చిన్న ఈపీలు, బాగా పాతవాళ్ళయితే లక్క రికార్డులు కూడా. వాటి పక్కనే, ఊళ్ళో ఆడిన నాటకాన్నో, రామకోవెల దగ్గర చెప్పిన హరికథనో టేపు రికార్డరు పెట్టి ఎక్కించుకున్న క్యాసెట్లు. సినిమా పాటలకి దిగుల్లేదు, కంపెనీలు రీమాస్టర్ అని పేరు పెట్టి మళ్ళీ మళ్ళీ విడుదల చేస్తూనే ఉంటాయి. నాటకం పద్యాలు, బుర్రకథలు, ఊరి క్యాసెట్లు అలా కాదు, ఆ ఒక్క కాపీ పోతే పోయినట్టే. అందుకే ఇంట్లో కూర్చుని వీటిని సరిగ్గా ఎలా ఎక్కించుకోవాలో, బయట కొనే రీమాస్టర్లలో మంచీ చెడూ ఎలా పట్టుకోవాలో తెలిసినంత రాస్తున్నాను.

అందరూ అడిగే మొదటి ప్రశ్న రిజల్యూషన్ ఎంత పెట్టాలి అని. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి, ఇక దాని గురించి ఆలోచించకండి. పాట బాగా వస్తుందా రాదా అన్నది మూడింటి మీద ఉంటుంది: రికార్డు ఎంత శుభ్రంగా ఉంది, ముల్లు గాడిలో ఎలా నడిచింది, ఎక్కించాక మీరు దాన్ని ఎంత తక్కువ కెలికారు. మిగతాదంతా ఈ మూడింటి గురించే.

ముందు అంకెల సంగతి

బిట్లు చెప్పేది అతి సన్నని శబ్దానికీ అతి గట్టి శబ్దానికీ మధ్య ఎంత దూరం పట్టగలం అని. ఒక్కో బిట్‌కి సుమారు 6 డెసిబెళ్ళు, కాబట్టి సీడీలో ఉండే 16 బిట్లకి 96, 24 బిట్లకి లెక్క ప్రకారం 144. మరి రికార్డులో ఉన్నదెంత? బాగున్న ఎల్పీలో 60, 70 డెసిబెళ్ళు, లక్క రికార్డులో 40 దాటడమే కష్టం. అంటే వినడానికి 16 బిట్లే ఎక్కువ. అయినా 24 ఎందుకంటే ఎక్కించేటప్పుడు లెవెల్ తక్కువ పెట్టుకునే ధైర్యం వస్తుంది, పద్యం చివర రాగం తీసి గట్టిగా అందుకున్నప్పుడు పగిలిపోతుందేమో అని టెన్షన్ ఉండదు. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఎంత గట్టిగా పాడినా మీటరు మైనస్ 6 డెసిబెళ్ళు దాటకుండా ఉంటే చాలు, మైనస్ 12 దగ్గరే ఆగిపోయినా 24 బిట్లలో పోయేదేం లేదు.

కిలోహెర్ట్జ్ సంగతికొస్తే, ఎంత పెడితే అందులో సగం దాకా ఉన్న శబ్దాలు పట్టుకుంటుంది. సీడీ 44.1 కాబట్టి 22 కిలోహెర్ట్జ్ దాకా. మనిషి చెవికి చిన్న వయసులో 20 దాకా వినబడుతుంది, వయసు పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది. మరి 96 దేనికి? చిటపటల కోసం. గీత మీదనుంచి ముల్లు వెళ్ళినప్పుడు వచ్చే టిక్కు చాలా పదునైనది, చెవికి అందని పైస్థాయి దాకా ఉంటుంది, 96లో ఎక్కిస్తే అది సన్నగా నిటారుగా నిలబడుతుంది, దాన్ని గుర్తుపట్టి తీసేయడం సాఫ్ట్‌వేర్‌కి తేలిక. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ కూడా కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అనీ, పదిలపరచాల్సినవైతే 96 అనీ చెబుతుంది. 192 పెడితే ఫైలు రెండింతలవుతుంది, అంతే. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో అంటేనే నిమిషానికి దాదాపు 35 ఎంబీ, నలభై నిమిషాల ఎల్పీకి 1.4 జీబీ దాకా అవుతుంది. ఫ్లాక్ అనే ఫైలు రకంలో దాచుకుంటే సైజు బాగా తగ్గుతుంది, శబ్దంలో ఏమీ పోదు.

హై రిజల్యూషన్ వింటే తేడా తెలిసిపోతుందని గట్టిగా నమ్మేవాళ్ళకి రెండు విషయాలు చెప్పాలి. 2007లో అమెరికాలో మేయర్, మోరాన్ అనే ఇద్దరు హై రిజల్యూషన్ డిస్కుల్ని ఒకసారి నేరుగా, ఇంకోసారి మధ్యలో 16 బిట్, 44.1 లోకి దించి వినిపించి, ఏది ఏదో చెప్పమన్నారు. 554 సార్లకి 276 సార్లు సరిగ్గా చెప్పారు, బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. 2016లో రైస్ అనే పరిశోధకుడు చాలా పరీక్షల్ని కలిపి లెక్కేస్తే 52 శాతం చిల్లర తేలింది, అంటే తేడా ఉంటే ఉంది గానీ చాలా కొద్ది. రెండోది, మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికన్ కంపెనీ పాత ఆల్బమ్స్‌ని అసలు మాస్టర్ టేపుల నుంచి ఎల్పీలుగా మళ్ళీ వేస్తుంది. మధ్యలో డిజిటల్ అన్నదే లేదనే నమ్మకంతో బాగా వినేవాళ్ళు కూడా వాటిని ఏళ్ళ తరబడి మెచ్చుకున్నారు, 2022లో బయటపడింది ఏమిటంటే వాటిలో చాలావాటికి మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని. అది ఎవరి చెవికీ అడ్డు రాలేదు. ఆ రికార్డులు బాగున్నది మంచి టేపు దొరకడం వల్ల, దాన్ని జాగ్రత్తగా ప్లే చేయడం వల్ల.

కడగడం

ఇక్కడ బద్ధకించారంటే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు. మైకు సెట్టు రికార్డులంటే పందిట్లో దుమ్ములో తిరిగినవి, పైగా మన గోదావరి గాలికి వానాకాలంలో కవరు లోపల బూజు పట్టేస్తుంది, గాడిలో తెల్లగా మచ్చలు మచ్చలుగా కనబడేది అదే.

కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు వాడొద్దు. సఖినేటిపల్లి, అంతర్వేది వైపు ఉప్పు నీళ్ళయితే మరీను, ఆరాక గాడిలో ఉప్పు మిగిలి అదే చిటపటలాడుతుంది. ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపులో దొరుకుతుంది, అది తెచ్చుకుని రెండు చుక్కల తేలికపాటి లిక్విడ్ సోపు వేసి, మెత్తని బ్రష్‌తో గాడి వెంబడే గుండ్రంగా తిప్పుతూ కడగండి, అడ్డంగా రుద్దకండి. లేబుల్ తడవకుండా చూసుకోవాలి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి కడిగి, నిలబెట్టి నీడలో ఆరనివ్వండి. ఎండలో పెడితే వంకర తిరుగుతుంది, ఆ వంకర తీయడం మన వల్ల కాదు.

బూజు బాగా పట్టిన ఎల్పీకి నీళ్ళలో కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలుపుకోవచ్చు. లక్క రికార్డుకి మాత్రం ఒక్క చుక్క కూడా తగలకూడదు, లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, రికార్డు అక్కడికక్కడే పాడవుతుంది. పెట్టెలో రెండూ కలిసి ఉంటాయి కాబట్టి చేతిలోకి తీసుకోగానే చూసుకోండి: బరువుగా, పెళుసుగా ఉండి లేబుల్ మీద 78 అని ఉంటే దాదాపుగా లక్కే.

ముల్లు, వేగం

పాత సూట్‌కేసు మోడల్ ప్లేయర్లలో ముల్లు బిగించే భాగం, అంటే కార్ట్రిడ్జ్, సిరామిక్‌ది ఉంటుంది, ముల్లు మీద బరువు ఎక్కువ. దాంతో రికార్డు అరుగుతుందే గానీ శబ్దం సరిగ్గా రాదు. ముల్లు బరువు రెండు గ్రాముల దగ్గర సర్దుకోగలిగిన మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్ ప్లేయరు, ముల్లు నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని పెంచే ఫోనో ప్రీయాంప్ ఒకటి, దాన్ని కంప్యూటర్లోకి పంపే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి కావాలి. కొనలేకపోతే ఉన్నవాళ్ళని అడిగి ఒక ఆదివారం తెచ్చుకోండి, ఎక్కించాల్సింది ఒక్కసారే కదా. లక్క రికార్డులకి ముల్లు వేరు, వాటి గాడి వెడల్పు చాలా ఎక్కువ, ఎల్పీ ముల్లు పెడితే అడుగున దుమ్ములో ఈదుతుంది. 78 అని విడిగా అమ్మే లావు ముల్లే వేయాలి. ఇంకొకటి, రికార్డు చేసేటప్పుడు తగ్గించిన మందపు శబ్దాల్నీ పెంచిన సన్నని శబ్దాల్నీ ప్లే చేసేటప్పుడు తిరిగి సర్దే లెక్క, అంటే ఇప్పుడున్న ఆర్ఐఏఏ ఈక్వలైజేషన్, 1950ల మధ్యలో స్థిరపడింది, అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. కాబట్టి పాత లక్క రికార్డు గొంతు మరీ మందంగానో పల్చగానో వినిపిస్తే ప్లేయరుని తిట్టుకోకండి, తర్వాత ఈక్వలైజర్‌లో సర్దుకోవచ్చు.

వేగం సంగతి చాలామంది పట్టించుకోరు, నాకైతే అన్నిటికన్నా ముఖ్యమిదే. ఆరు శాతం వేగం పెరిగితే పాట ఒక స్వరస్థానం పైకి పోతుంది, మూడు శాతానికే గాయకుడి గొంతు వయసు మారిపోయినట్టుంటుంది. బెల్టు సాగిన ప్లేయర్లలో ఇది మామూలు. కాగితం మీద ముద్రించిన స్ట్రోబ్ డిస్కు పెట్టి చూడండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 33⅓ వేగానికి 180 గీతలున్నది వాడాలి, పాతకాలం ఫిలమెంటు బల్బు వెలుగులో ఆ గీతలు కదలకుండా నిలబడితే వేగం సరిగ్గా ఉన్నట్టు. ఎల్ఈడీ బల్బు కింద సరిగ్గా కనబడకపోవచ్చు. ఆ తర్వాత హార్మోనియం. పక్కన పెట్టుకుని షడ్జమం పట్టి చూడండి. కర్ణాటక సంగీతం రికార్డయితే ఇంకా తేలిక, మన రాజోలు దగ్గర శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారి లాంటి వాళ్ళ రికార్డుల్లో వెనకాల తంబూరా వినబడితే అదే కొలబద్ద. శ్రుతి సరిగ్గా రెండు మెట్ల మధ్యన పడితే వేగాన్ని అనుమానించండి, కొద్దిపాటి తేడా అయితే వదిలేయండి, ఆనాడు స్టూడియోలో శ్రుతే అలా పెట్టుకుని ఉండొచ్చు.

ఎక్కించే ముందు ల్యాప్‌టాప్ చార్జరు పీకేసి బ్యాటరీ మీద నడపండి, గుయ్యిమనే 50 హెర్ట్జ్ మోత చాలాసార్లు దాంతోనే పోతుంది. ఫ్యాను రెగ్యులేటరు నుంచి కూడా రొద వస్తుంది, ఫ్రిజ్ ఆన్ అయినప్పుడు టప్పున ఒక చప్పుడు రికార్డులోకి ఎక్కేస్తుంది. మన ఉక్కలో ఫ్యాను ఆపి కూర్చోవడం కష్టమే, ఒక్కో వైపుకీ ఇరవై నిమిషాలు ఓర్చుకోవాలి. ముల్లు గాడిలోకి దిగకముందే రికార్డింగ్ మొదలుపెట్టి, పాటలు అయిపోయాక కూడా కాస్త నడవనివ్వండి, పాటకి ముందున్న ఖాళీ గాడి రొద తర్వాత అవసరమవుతుంది.

ఇలా వచ్చిన ఫైలుని ఏమీ చేయకుండా పక్కన దాచేయండి. ఇదే మీ మాస్టరు. కెలకడాలన్నీ దాని కాపీ మీదే.

రొద తీయడం, ఎక్కడ ఆగాలో తెలియడం

పాత తెలుగు రికార్డుల్లో చాలా భాగం మోనో. మోనో రికార్డులో పాటంతా గాడి పక్కలకి కదలడంలోనే ఉంటుంది, ముల్లు పైకీ కిందకీ కదిలితే అదంతా దుమ్మూ, అరుగుదలా. స్టీరియోలో ఎక్కించి, రెండు చానళ్ళ లెవెల్ సమానం చేసి మోనోగా కలిపితే ఆ పైకీ కిందకీ కదలికల రొద తనంతట తనే రద్దయిపోతుంది. ఏ ఎఫెక్టూ వేయకుండానే పాట శుభ్రపడుతుంది, ఇది చేయకుండా నాయిస్ రిడక్షన్ మీద పడటం దండగ. కలిపే ముందు రెండు చానళ్ళూ విడివిడిగా వినండి, మైకు సెట్టు ప్లేయర్లలో ఒక పక్క గోడే ఎక్కువ అరిగి ఉంటుంది కొన్నిసార్లు, అలాంటప్పుడు బాగున్న చానల్ ఒక్కటే తీసుకోవాలి.

తర్వాత టిక్కులు. ఆడాసిటీలో క్లిక్ రిమూవల్ ఉంది, తక్కువ మోతాదులో వేయండి, ఎక్కువైతే మృదంగం దెబ్బనీ, తాళం చప్పుడునీ టిక్కనుకుని కోసేస్తుంది. మిగిలిన పెద్ద టిక్కుల్ని ఒక్కోటీ దగ్గరగా జూమ్ చేసి, 128 శాంపిళ్ళ లోపు ఎంచుకుని రిపేర్ కొట్టండి. ఓపిక కావాలి, కానీ చుట్టుపక్కల పాటకి ఏమీ కాదు.

ఆఖరున బుస్సుమనే రొద. నాయిస్ రిడక్షన్‌లో ఖాళీ గాడి ముక్కని శాంపిల్‌గా ఇచ్చి, 6 డెసిబెళ్ళు మించకుండా తగ్గించండి. అక్కడే రెసిడ్యూ అని ఇంకో ఎంపిక ఉంటుంది, అది పెట్టి ప్రివ్యూ వింటే తీసిపారేస్తున్నది మాత్రమే వినబడుతుంది. అందులో ఉత్త బుస్సు ఉంటే సరే. "స", "శ" అక్షరాల చివర్లు, వయొలిన్ మీద కమాను ఒరుసుకునే శబ్దం, పద్యం ఎత్తుకునే ముందు ఊపిరి వినబడితే పాటనే కోసేస్తున్నారని అర్థం, తగ్గించండి. రొద కాస్త ఉన్నా చెవి రెండు నిమిషాల్లో అలవాటు పడిపోతుంది, పోయిన ఊపిరి మాత్రం తిరిగి రాదు. గట్టిగా పాడిన చోట గరగరమంటే అది గాడి అరిగిపోవడం వల్ల వచ్చింది, ఇంకో రకం ముల్లుతో ప్రయత్నించడం తప్ప ఇంట్లో చేయగలిగింది పెద్దగా లేదు.

చివరికి శిఖరాలు మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఉండేలా లెవెల్ పెంచండి. గట్టి, సన్నని శబ్దాల మధ్య తేడా తగ్గించే కంప్రెసర్, లిమిటర్ వేసి గట్టిగా చేయాలనే ఆశ వద్దు, స్పాటిఫై లాంటివి ఎలాగూ అన్నిటినీ మైనస్ 14 లఫ్స్ (చెవికి ఎంత గట్టిగా వినబడుతుందో చెప్పే కొలత) దగ్గరికి తెస్తాయి. కారులోకో ఫోనులోకో కావాలంటే ఇలా శుభ్రం చేసిన ఫైలు నుంచి డిదర్ (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే అతి సన్నని రొద) వేసి 16 బిట్, 44.1 కాపీ ఒకటి తీసుకోండి.

కొనే రీమాస్టర్ల గురించి

రీమాస్టర్ అంటే పూర్తయిన టేపుని తీసుకుని మళ్ళీ సర్దడం, రీమిక్స్ అంటే గొంతు, వాయిద్యాలు విడివిడిగా ఉన్న ట్రాకుల్ని మళ్ళీ కలపడం. పాతరోజుల్లో గాయకులూ వాద్యకారులూ ఒకేసారి పాడి వాయించగా మోనోలో రికార్డు చేసేవారు, విడి ట్రాకులే ఉండేవి కావు. కాబట్టి అప్పటి పాట "స్టీరియో"లో వచ్చిందంటే ఎవరో కృత్రిమంగా విడదీశారనే. మోనో దొరికితే మోనోనే తీసుకోండి.

హై రిజల్యూషన్ అని అమ్మే ఫైలు కొంటే ముందు ఆడాసిటీలో తెరిచి స్పెక్ట్రోగ్రామ్, అంటే ఏ కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దం ఎంతుందో చూపే బొమ్మ, చూడండి. పైన 22 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు తెగిపోయి ఉంటే సీడీ ఫైలునే 96కి పెంచి ఉంటారు. 16 దగ్గర తెగితే ఎంపీ3 నుంచి తీసి ఉండొచ్చు. ఉన్నట్టుండి తెగకుండా పైకి పోయేకొద్దీ మెల్లగా పలచబడితే అది టేపు సహజంగా ఉండే తీరు, అక్కడ పాటేమీ లేకపోయినా అనుమానపడక్కర్లేదు.

తర్వాత అలల ఆకారం చూడండి. పాత ఎల్పీలో ఎత్తుపల్లాలుంటాయి, కొన్ని రీమాస్టర్లలో పాట మొదటి నుంచి చివరిదాకా ఇటుకలా ఉంటుంది. మొదటిసారి వింటే ఆ ఇటుకే బాగుందనిపిస్తుంది, ఎందుకంటే చెవికి గట్టిగా ఉన్నదే మంచిదనిపిస్తుంది. అందుకని రెండు ఫైళ్ళకీ లౌడ్‌నెస్ నార్మలైజేషన్ మైనస్ 23 లఫ్స్ వేసి, ఒకే స్థాయిలో మార్చి మార్చి వినండి. పల్లవిలో తబలా దెబ్బ ఎందులో విడిగా పడుతోందో, చరణం సన్నగా మొదలై నిజంగా పెరుగుతున్నది ఎందులోనో అప్పుడు తెలుస్తుంది. చాలాసార్లు పాత సీడీయే నెగ్గుతుంది, ధర కూడా తక్కువ.

క్యాసెట్లు

టేపు అంచున తెల్లగా పొడిలా ఉంటే ప్లే చేయకండి, ఆ బూజు డెక్కుకి అంటుకుని మిగతా క్యాసెట్లకి పాకుతుంది. బాగున్నవాటిని ముందు ఒకసారి ఆ చివరిదాకా, తిరిగి ఈ చివరిదాకా చుట్టండి. హెడ్‌ని ఆల్కహాల్‌తో తుడవండి. హెడ్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది, క్యాసెట్ తిరుగుతుండగా మోనోలో వింటూ దాన్ని కొంచెం కొంచెం తిప్పితే ఒకచోట మాటలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి, అక్కడ ఆపండి. ప్రతి క్యాసెట్‌కీ ఇది మళ్ళీ చేసుకోవాలి, ఎందుకంటే ఎవరి టేపు రికార్డరులో ఎక్కించారో దాని హెడ్ ఏ కోణంలో ఉందో దాన్ని బట్టి మారుతుంది. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కాకుండా లైన్ అవుట్ నుంచి తీసుకోండి. క్యాసెట్లకి 48 కిలోహెర్ట్జ్ చాలు.

హక్కులు, దాచుకోవడం

ఇంట్లో వినడానికి ఎక్కించుకోవడం వేరు, బయట పెట్టడం వేరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్ళు, అంటే 1960లో వచ్చిన రికార్డుకి 2020 ఆఖరుతో అయిపోయింది. కానీ సాహిత్యం, సంగీతం హక్కులు రాసినవాళ్ళు పోయాక 60 ఏళ్ళ దాకా ఉంటాయి, అది విడిగా చూసుకోవాలి. ఊరి నాటకం క్యాసెట్ అయితే పాడినవాళ్ళనో, వాళ్ళ పిల్లలనో అడిగి పెట్టండి, ఒక కాపీ వాళ్ళకీ ఇవ్వండి.

రికార్డుల్ని నిలబెట్టే దాచండి, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, నేల మీద అసలే వద్దు. 1986 వరదా, 1996 నవంబరు తుపానూ చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఫైళ్ళు కూడా అంతే, ఒకే ఇంట్లో రెండు హార్డ్ డిస్కులుంటే ఒకటున్నట్టే లెక్క. ఒకటి మీ దగ్గర, ఒకటి హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్న పిల్లల దగ్గర, వీలైతే క్లౌడ్‌లో ఇంకొకటి. ఫోల్డరులో ఒక టెక్స్ట్ ఫైలు పెట్టి అందులో లేబుల్ మీదున్నదంతా రాయండి, లేబుల్‌కీ చివరి గాడికీ మధ్య నున్నటి చోట చెక్కి ఉండే మ్యాట్రిక్స్ నంబరు కూడా. అదే పాట రెండు వేర్వేరు ప్రెస్సింగుల్లో దొరికితే ఏది ఏదో తేల్చేది ఆ నంబరే. ఏ ముల్లు వాడారు, వేగం ఎంత సర్దారు, రికార్డు ఎవరి పెట్టెలోంచి వచ్చింది, ఏ తేదీన ఎక్కించారు అన్నవీ రాసి, రెండు వైపులా లేబుళ్ళని ఫోనుతో ఫొటో తీసి పక్కనే పెట్టండి.